కర్బలా తర్వాత మాట్లాడిందెవరు?

ప్రతి మొహర్రంకీ మన జిల్లా పేజీల్లో ఒక ఫోటో తప్పకుండా పడుతుంది. కర్నూలుదైనా కడపదైనా ఫోటో మారదు. నుదుట విబూది పెట్టుకున్న ఒక నడివయసు మగమనిషి పీరును భుజానికెత్తుకుని ఉంటాడు. పక్కన టోపీ పెట్టుకున్న ముజావరు, వెనక గుండం మంట. కింద 'మతసామరస్యానికి ప్రతీక' అని ఒక మాట. ఇవాళ్టి పరిస్థితుల్లో అటువంటి ఫోటో పడటం మంచిదే, కాదనను. కానీ ఏళ్ళ తరబడి ఆ ఫోటోలు చూస్తూ వచ్చిన నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఇందులో ఆడవాళ్ళేరి? వెతికితే అంచున కనిపిస్తారు. ఒకామె నీళ్ళ బిందెతో, ఒకామె చక్కెర పొట్లంతో, మసగ్గా, సగం తెగిపోయి.

కర్బలా కథను లోకానికి అందించింది ఆడవాళ్ళు. మన ఊళ్ళలో ఏటా దాన్ని బతికిస్తున్నదీ ఎక్కువగా ఆడవాళ్ళే. అయినా పీరును భుజాన మోసేవాళ్ళే ఆ కథను మోస్తున్నారని మనం నమ్ముతున్నాం. ఆడవాళ్ళు చెప్పిన సాక్ష్యాన్ని శోకమని పేరు పెట్టి పక్కన పెట్టాం. ఇలా చేసిన వాళ్ళలో మతపెద్దలున్నారు, జానపద పరిశోధకులున్నారు, స్త్రీవాదులమని చెప్పుకునే మనమూ ఉన్నాం. ఈ వ్యాసం ఎక్కువగా మనకోసమే రాస్తున్నాను.

ముందు జరిగినదేమిటో చూద్దాం. హిజ్రీ 61వ సంవత్సరం మొహర్రం పదో రోజు, అంటే క్రీ.శ. 680 అక్టోబరు 10న, ఇరాక్‌లోని కర్బలా మైదానంలో మహమ్మద్ ప్రవక్త మనవడు హుసేన్‌నూ ఆయన వెంట ఉన్న కొద్దిమందినీ ఉమయ్యద్ ఖలీఫా యజీద్ సైన్యం చంపింది. యజీద్ అధికారాన్ని అంగీకరిస్తూ ప్రమాణం చేయడానికి హుసేన్ ఒప్పుకోలేదు. మీరు రండి, మీ వెంట ఉంటామని కూఫా పట్టణం నుంచి ఉత్తరాలు రాసిన జనం, గవర్నరు ఇబ్న్ జియాద్ బెదిరించేసరికి తలుపులు వేసుకున్నారు. ఏడో రోజు నుంచి ఫురాత్ నది నీళ్ళు అందకుండా సైన్యం అడ్డం నిలబడింది. నీళ్ళు తేబోయిన అబ్బాస్ చేతులు తెగి చనిపోయాడు. చంటిబిడ్డ అలీ అస్గర్ గొంతులో బాణం దిగింది. చనిపోయిన వాళ్ళు 72 మంది అని సంప్రదాయం లెక్క చెబుతుంది.

ఆ 72 పోరాడిన మగవాళ్ళ లెక్క. గుడారాల్లో ఎందరు ఆడవాళ్ళున్నారో, ఎందరు పిల్లలున్నారో ఎవరూ పద్యం కట్టి చెప్పరు. మనకు తెలిసినంతలో ఆడవాళ్ళు గుడారాల్లో ముడుచుకుని కూర్చోనూ లేదు. తబరీ చరిత్రలో ఉమ్ వహబ్ అనే ఆమె ఉంది. భర్త యుద్ధంలో దిగగానే గుడారపు గుంజ పెరికి పట్టుకుని తానూ వెళ్ళింది. యుద్ధం ఆడవాళ్ళ విధి కాదని చెప్పి హుసేనే ఆమెను వెనక్కి పిలిచాడు. తర్వాత చనిపోయిన భర్త పక్కన కూర్చుని ముఖానికి అంటిన మట్టి తుడుస్తుంటే, శత్రు పక్షంలోని ఒకడు అదే రకం గుంజతో ఆమె తల పగలగొట్టాడు. కర్బలాలో చనిపోయిన ఈ స్త్రీ పేరున మన ఊళ్ళో పీరు లేదు.

సాయంత్రానికి యుద్ధం ముగిసింది. కథ ముగియలేదు. గుడారాలకు నిప్పు పెట్టారు. ఆడవాళ్ళను బందీలుగా, తెగిన తలలను ఈటెల మీద, ముందు కూఫాకు, అక్కడి నుంచి దమాస్కస్‌కు నడిపించారు. ఆ నడకలో అందరి కన్నా ముందు నిలిచింది హుసేన్ చెల్లెలు జైనబ్. ఆమె బిడ్డలు కూడా ఆ రోజే పోయారని సంప్రదాయం చెబుతుంది. కూఫాలో గవర్నరు కొలువులో, జబ్బుతో యుద్ధానికి వెళ్ళలేకపోయిన హుసేన్ కొడుకును చంపమని ఆజ్ఞ అయినప్పుడు, అతన్ని గట్టిగా పట్టుకుని, చంపితే నన్నూ కలిపి చంపమని ఆమె అడ్డం నిలబడింది. ఆ ఒక్క పిల్లవాడు బతకడం వల్లనే తర్వాతి ఇమాముల వంశం నిలిచింది.

అక్కడ ఆమె ఇంకో పని చేసింది. వీధిలో బందీలను చూసి కూఫా జనం ఏడవడం మొదలుపెట్టారు. ఆ ఏడుపును ఆమె ఒప్పుకోలేదు. పిలిచింది మీరే, వదిలేసింది మీరే, ఇప్పుడు ఏడ్చేదీ మీరేనా అని బజారులో నిలదీసింది. కర్బలా స్మృతిలో మొదట వినిపించే ఆడగొంతు ఏడుపు మీదే అభియోగం మోపిన గొంతు అన్నమాట. దమాస్కస్‌లో యజీద్ ముందు సంకెళ్ళతో నిలబడి, నువ్వు ఏం చేసినా మా జ్ఞాపకాన్ని తుడిచెయ్యలేవు అనే అర్థం వచ్చేలా మాట్లాడింది. గెలిచినవాడి కొలువులో ఓడినవాళ్ళ పక్షాన ఇచ్చిన వాంగ్మూలం అది.

ఇవన్నీ తర్వాత ఎవరో భక్తులు అల్లినవే అంటారు కొందరు. అల్లికలు ఉండవచ్చు. కానీ క్రీ.శ. తొమ్మిదో శతాబ్దంలోనే బాగ్దాద్‌లో ఇబ్న్ అబీ తాహిర్ తైఫూర్ అనే రచయిత స్త్రీల వాగ్ధాటిని ఒకచోట చేర్చి 'బలాఘాత్ అల్ నిసా' అనే గ్రంథం కూర్చాడు. అందులో ఈ ప్రసంగాలున్నాయి. పదకొండు వందల యేళ్ళ కిందటే స్త్రీల మాటలను సాహిత్యంగా గుర్తించి సంకలనం చేసిన మనిషి ఉన్నాడంటే మనకు ఆశ్చర్యం కలగాలి, కొంచెం సిగ్గు కూడా కలగాలి. ఇంకో సంగతి. కూఫా ప్రసంగం ఆ పుస్తకంలో జైనబ్ చెల్లెలు ఉమ్ కుల్సూమ్ పేరున ఉంది. తర్వాతి షియా గ్రంథాలు దాన్ని జైనబ్‌దని చెబుతాయి. మాట మిగిలింది, మాట్లాడిన మనిషి పేరు తారుమారైంది. ఆడవాళ్ళ మాటలకు ఇది కొత్త కాదు. ఈ విషయానికి మళ్ళీ వస్తాను.

కర్బలాకు 24 ఏళ్ళ ముందు, 656లో, బస్రా దగ్గర ఇంకో యుద్ధం జరిగింది. ప్రవక్త భార్య ఆయిషా ఒంటె మీద అంబారీలో కూర్చుని నడిపించిన యుద్ధం కనుక దాన్ని ఒంటె యుద్ధమన్నారు. ఆమె ఓడిపోయింది. ఆడదాని చేతికి అధికారమిచ్చిన జాతి బాగుపడదని ప్రవక్త అన్నట్టు ఒక మాట ఆ ఓటమి తర్వాతే ఒకాయనకు గుర్తొచ్చింది. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలను మొరాకో స్త్రీవాది ఫాతిమా మెర్నిస్సీ 1987లో వెలువడిన తన పుస్తకంలో విప్పి చూపించింది. ఈ రెండు యుద్ధాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. యుద్ధాన్ని నడిపిన స్త్రీని శాశ్వతంగా దోషిని చేశారు. యుద్ధానికి సాక్షిగా నిలిచిన స్త్రీని శాశ్వతంగా ఏడిపించారు. నడిపితే తప్పు, చూసి చెబితే దుఃఖం. మూడో చోటు లేదు.

ఇరాక్ ఇసుకలో జరిగిన ఈ కథ మన నల్లరేగడికి ఎలా వచ్చింది? పాలకుల దారిన కొంత వచ్చింది. గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు. వాళ్ళ సేనాని మీర్ జుమ్లా 17వ శతాబ్దం మధ్యలో గండికోటను పట్టుకున్నాడు. బనగానపల్లె నవాబులు షియాలు. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా అది చిన్న సంస్థానం, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. కానీ నవాబు లేని ఊళ్ళో కూడా పీర్ల చావిడి ఉంది. షియా ఇల్లు ఒక్కటీ లేని ఊళ్ళో ఉంది. దూదేకుల వాళ్ళు ముజావర్లుగా, బోయ, మాల, మాదిగ, కురబ, రెడ్డి ఇళ్ళవాళ్ళు మొక్కుబడిదారులుగా దాన్ని నిలబెట్టారు. పక్క జిల్లా అనంతపురంలోని గూగూడు కుళ్ళాయిస్వామి మీద అఫ్సర్ 2013లో ఇంగ్లీషులో ప్రచురించిన 'ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' ఈ ఉమ్మడి భక్తిని వివరంగా చూపించింది. మా వైపు హుసేనప్ప, ఫకీరప్ప అనే హిందువులు, హుసేనమ్మ, పీరమ్మ అనే హిందూ ముసలమ్మలు ఇప్పటికీ కనిపిస్తారు. మా జేజి వాళ్ళలో ఒకరు. పిల్లలు దక్కక దక్కక దక్కితే పీరు పేరు పెట్టారట. ఆ మొక్కు మొక్కింది వాళ్ళమ్మ. మొక్కుకునేది ఆడది, పేరు మోసేది ఆడది, పీరును మోసేది మాత్రం మగవాడు.

పండగ పది రోజుల్లో ఎవరు ఏం పని చేస్తారో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. చావిడికి సున్నం కొట్టాలి, అలకాలి. చదివింపులకు మలీదా చేయాలి, పానకం కలపాలి. దట్టీలు కొనాలి. చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు రాత్రుల్లో పీర్లు వీధిలోకి వస్తే ఇంటింటి ముందు బిందెడు నీళ్ళు పోయాలి. బిడ్డల్లేని వాళ్ళు కొన్నిచోట్ల తడిబట్టలతో దారిలో పడుకోవాలి. ఇవన్నీ ఆడవాళ్ళ పనులు. పీరెత్తడం, గుండం తొక్కడం, ఫాతెహా ఇవ్వడం మగవాళ్ళవి. ఆ పీర్లలో కొన్నిచోట్ల బీబీ ఫాతిమా పీరు కూడా ఉంటుంది. ఆమెనూ మగవాళ్ళే ఎత్తుకుంటారు. ముట్టు, మైల అనే మాటలు చావిడి గడపకు ఎంత గట్టిగా కట్టేసి ఉన్నాయో, గుడి గడపకు కట్టుకుని పెరిగిన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఉమ్మడి సంస్కృతి అంటున్నామే, అందులో రెండు మతాల మగవాళ్ళూ ఏ గొడవా లేకుండా పంచుకున్న మొదటి ఆస్తి ఈ గడప.

నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. అదీ పడిన ఏడాది మాట. తుంగభద్ర, కృష్ణ పక్కనే పారుతుంటాయి. ఆ నదుల నీళ్ళలో సీమకు మొదటి హక్కు ఉండాలని 1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడికలో పెద్దమనుషులు రాసుకున్నారు. పక్కనే నది ఉండీ గొంతు తడవకపోవడమంటే ఏమిటో కర్బలా గురించి చదవని సీమ మనిషికి కూడా తెలుసు. అందుకే పీర్ల పాటల్లో దప్పిక దగ్గరికి వచ్చేసరికి గొంతులు మారతాయి. కానీ ఆ దప్పిక ఎవరిది? సాహిత్యంలో అది అబ్బాస్ వీరగాథకు నేపథ్యం. పాడే ఆడవాళ్ళకు అది గుడారంలో ఏడుస్తున్న బిడ్డ దప్పిక, పాలు రాని తల్లి దప్పిక. నీళ్ళ కోసం మైళ్ళు నడిచిన వాళ్ళు, బోరింగు దగ్గర తెల్లవారేదాకా బిందె పెట్టి కూర్చున్న వాళ్ళు ఆ చరణాన్ని పాడుతుంటే అందులో వాళ్ళ బతుకు కూడా కలిసిపోతుంది. నీళ్ళు ఆపినవాడిని తిట్టే చోట ఆ తిట్టు ఒక్క యజీద్‌కే పోదు.

ఇప్పుడు నా నేరం ఒప్పుకోవాలి. తెలుగు సాహిత్యంలో డాక్టరేటు కోసం నేను మౌఖిక సాహిత్యం మీద పనిచేశాను. పీర్ల పాటలు కొన్ని సేకరించాను. సిద్ధాంత వ్యాసంలో మగవాళ్ళు పాడిన వాటిని 'వీరగాథా లక్షణాలు' అనే అధ్యాయంలో పెట్టాను. ఆడవాళ్ళు పాడిన వాటిని 'కరుణ రసం' కింద పెట్టాను. కథ ఒకటే, యుద్ధం ఒకటే. కొన్ని చరణాలు రెండు చోట్లా ఒకేలా ఉన్నాయి. గొంతును బట్టి రసం మారిపోయింది. అనుబంధంలో వక్తల వివరాలు ఇవ్వాలి కదా. మగవాళ్ళకు పేరు, వయసు, వృత్తి, ఊరు రాశాను. ఆడవాళ్ళకు 'స్త్రీల బృందం' అని ఒక్క మాట రాశాను. దాన్ని చదివిన వాళ్ళెవరూ ఇదేమిటని అడగలేదు. మౌఖిక పరీక్షలో పాట ఛందస్సు గురించి అడిగారు, దేశి గతుల గురించి అడిగారు. పాడినామె ఎవరని అడగలేదు. పట్టా వచ్చింది.

ఆ వ్యాసం రాసే రోజుల్లోనే మా జేజిని ఒకసారి అడిగాను. మొహర్రంలో ఆడవాళ్ళు ఎందుకేడుస్తారు అని. పరిశోధకురాలి ప్రశ్న. ఆమె నా మొహం చూసి, "మొగోళ్ళంతా సచ్చిపోయిరి గదమ్మీ. ఇంగ సెప్పేదానికి ఎవురుండారు? ఆ యమ్మే గదా!" అంది. నేను ఏడుపు గురించి అడిగితే ఆమె చెప్పడం గురించి జవాబిచ్చింది. పొంతన లేని జవాబని అప్పుడు దాన్ని నోట్సులోకి కూడా ఎక్కించలేదు. తైఫూర్ పుస్తకం గురించి చదివాకగానీ ఆ జవాబు నాకు అర్థం కాలేదు. బడి మొహం చూడని మనిషి చెప్పిన మాట అందుకోవడానికి నాకు ఒక పట్టా, ఒక అరబ్బీ గ్రంథం అవసరమయ్యాయి.

ఇప్పుడు ఆ ఫోటో దగ్గరికి వెళదాం. మతసామరస్యం మీద నాకు గౌరవముంది. దాన్ని పండగ చేసుకునే రాతల మీద మాత్రం ఫిర్యాదు ఉంది. హిందువులు పీర్లు ఎత్తుకుంటారు, ముస్లింలు సంతోషిస్తారు, ఊరు కళకళలాడుతుంది, వ్యాసం ముగుస్తుంది. ఈ రాతల్లో కులం ఉండదు, గడప దాటనివ్వని మైల ఉండదు. అన్నిటికన్నా ముఖ్యంగా కర్బలా ఉండదు. అన్యాయమైన అధికారానికి తలవంచని వాళ్ళ కథను, ఎవరినీ నొప్పించని ఒక రంగుల జాతరగా మార్చేశారు. జైనబ్ కూఫా బజారులో నిలదీసింది సరిగ్గా ఇటువంటి ప్రేక్షకులనే. దూరంగా నిలబడి కళ్ళు తుడుచుకుని, తాము మంచివాళ్ళమని తృప్తిపడి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళను.

రెండో పక్షం శుద్ధివాదులది. పీర్ల పండగ ఇస్లాంలో లేదు, మానండి అని ఒక వైపు. పీర్ల పండగ మనది కాదు, మానండి అని ఇంకో వైపు. ఒకరు మసీదులో కూర్చుని, ఇంకొకరు గుడి మండపంలో కూర్చుని చెబుతున్నారు. వీళ్ళిద్దరూ ఒక్కటేనని నేను అనడం లేదు. ఒకరిది, ప్రతిదానికీ అనుమానంగా చూసే దేశంలో తమ మతాన్ని పుస్తకానికి దగ్గరగా ఉంచుకోవాలనే మైనారిటీ ఆరాటం. ఇంకొకరిది, ఊరి నుంచి పొరుగువాడిని చెరిపేయాలనే మెజారిటీ అహంకారం. ముస్లిం స్త్రీలు ఏది ఆచరించాలో, ఏది మానాలో చెప్పే హక్కు ముస్లిం కాని నాకు లేదు. తమ సమాజంలోని పితృస్వామ్యాన్నీ, తమను చదువు రానట్టు చూసే మన అగ్రకుల స్త్రీవాదాన్నీ ఒకేసారి ప్రశ్నించిన గొంతులు తెలుగులో ఎప్పుడో వచ్చాయి. షాజహానా 'నఖాబ్' 2005లోనే వచ్చింది. నేను అడగగలిగింది ఒక్కటే. చావిడి మూసేద్దామని తీర్మానం చేసినప్పుడు, ఏటా ఆ చావిడి అలికిన ఆమె, అక్కడ మొక్కుకుని బిడ్డకు పేరు పెట్టుకున్న ఆమె ఆ సభలో ఉందా? ఏ మతసభలోనైనా సరే, ఉందా? ఆడవాళ్ళకు పీరును ఎత్తే హక్కు ఎన్నడూ లేదు. ఇప్పుడు పీరును దించే నిర్ణయంలో కూడా లేదు.

మూడో పక్షం మనం. మనం పురాణాలను తిరగరాశాం. సీతతో శూర్పణఖను మాట్లాడించాం, అహల్యను, ఊర్మిళను, రేణుకను కొత్తగా విన్నాం. ఓల్గా 'విముక్త'కు 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం వస్తే అది మనందరికీ వచ్చినట్టే సంతోషించాం. మంచి పని. కానీ మన తిరగరాతల ప్రధాన ధార రామాయణ భారతాల గట్లు దాటి ఎంత దూరం పారింది? మన ఊరి నడిబొడ్డున, మన జేజిల పేర్లలో, ఏడాదికి పది రోజుల పాటు వినిపించే జైనబ్ కథ మన కంటికి స్త్రీవాద వస్తువుగా ఎందుకు ఆనలేదు? ముస్లింల విషయం కదా, వాళ్ళే రాసుకుంటారు అనుకున్నామా? పీర్ల పాటలు పాడే ఆడవాళ్ళలో సగానికి పైగా ముస్లింలు కాని ఊళ్ళు ఎన్నో ఉన్నాయని తెలిసీ అలాగే అనుకున్నామా? లేక మతం వాసన వస్తే పక్కకు తప్పుకోవడమే అభ్యుదయమనుకున్నామా? అయితే సీత దగ్గర ఆ వాసన ఎందుకు రాలేదు?

పైగా జైనబ్‌ను తిరగరాయాల్సిన పని కూడా అంతగా లేదు. సీత చేత మనం మాట్లాడించాలి. జైనబ్ మాట్లాడింది. మనం చేయాల్సింది వినడం. అది మనకు కష్టంగా ఉంది. ఎందుకంటే ఆడవాళ్ళు గట్టిగా ఏడుస్తూ చెప్పేదాన్ని వాదనగా వినే అలవాటు మనకు కూడా లేదు. కన్నీళ్ళు ఉంటే తర్కం ఉండదని విశ్వవిద్యాలయం నేర్పింది. మనం బాగా నేర్చుకున్నాం.

ఇదంతా పాత పాటల గొడవ, పండితుల తగువు అనుకునే వాళ్ళకు ఒక మాట. కర్నూలు, కడప జిల్లాల్లో హత్య చూసిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. ఫ్యాక్షన్ రోజుల్లో ఇంటి గడపలోనే, పొలం గట్టునే భర్తను, కొడుకును, మరిదిని నరుకుతుంటే కళ్ళారా చూసినవాళ్ళు. వాళ్ళ దుఃఖానికి సినిమాల్లో చోటు దొరికింది. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చినప్పటి నుంచి మన నేల పేరు మీద లెక్కలేనన్ని సుమోలు పేలాయి, లెక్కలేనంతమంది తల్లులు తెర మీద గుండెలు బాదుకున్నారు. కానీ కోర్టు బోనులో ఏం జరిగింది? పంచనామా మీద సంతకాలు మగవాళ్ళవి. రాజీ మాట్లాడే పెద్దమనుషులు మగవాళ్ళు. ఎన్నో కేసుల్లో సాక్షులు మాట మార్చారు, కేసులు కొట్టుడుపోయాయి. ఆమె ఎంత ఏడ్చినా ఎవరికీ అభ్యంతరం లేదు. ఫలానావాడు నరికాడని పేరు పెట్టి చెప్పబోతే మాత్రం, ఉన్న కొడుకునైనా దక్కించుకో అని సొంత ఇంటివాళ్ళే నోరు మూశారు. సాక్షుల రక్షణకు ఒక పథకాన్ని సుప్రీంకోర్టు ఆమోదించి, అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని చెప్పింది 2018 డిసెంబరులో. అంతకు ముందు దశాబ్దాల పాటు ఆ ఆడవాళ్ళు కొలువులో ఒంటరిగా నిలబడ్డారు.

శోకాన్ని అనుమతించి సాక్ష్యాన్ని అడ్డుకోవడం ఒక రాజకీయం. కూఫా బజారు నుంచి మన జిల్లా కోర్టు దాకా, పీర్ల చావిడి నుంచి నా సిద్ధాంత వ్యాసం దాకా అదే రాజకీయం. ఆడవాళ్ళ మాటను రసంగా మార్చేస్తే అది అందంగా ఉంటుంది, ఎవరి మీదా అభియోగం ఉండదు. నేను 'కరుణ రసం' అని శీర్షిక పెట్టినప్పుడు ఆ పాటల్లోని యజీద్ పేరును నేనే కొట్టేశాను.

కాబట్టి కొన్ని చిన్న పనులు అడుగుతున్నాను. మౌఖిక సాహిత్యం మీద పరిశోధన చేయించే ఆచార్యులు 'స్త్రీల బృందం' అనే మాటను ఇకమీదట ఏ అనుబంధంలోనూ అనుమతించవద్దు. పేరు చెప్పడం ఇష్టం లేదని ఆమె అంటే, ఇష్టం లేదన్నదని రాయాలి. స్త్రీల రచనల మీద పాఠం చెప్పేవాళ్ళు మొల్లతోనో, తాళ్ళపాక తిమ్మక్కతోనో మొదలుపెట్టే ముందు ఒక్క గంట 'బలాఘాత్ అల్ నిసా' గురించి చెప్పాలి. సీమ నుంచి రాసే మన రచయిత్రులు పీర్ల పండగను రంగుల నేపథ్యంగా వాడటం ఆపి, ఆ పది రోజుల్లో ఆడవాళ్ళు ఏం చెబుతున్నారో అటువైపు చెవి పెట్టాలి. పీరెత్తే హక్కు కావాలో వద్దో ఆ ఊరి ఆడవాళ్ళు తేల్చుకుంటారు. చెప్పే హక్కు మాత్రం వాళ్ళు ఎప్పుడో తీసుకున్నారు. మనం గుర్తించడమే మిగిలింది.

నా వంతు నేను మొదలుపెట్టాను. పాత రికార్డింగులు తీసి మళ్ళీ విన్నాను. 'స్త్రీల బృందం' అని నేను రాసిన చోట, పాట మధ్యలో, దప్పిక చరణం దగ్గర ఒకామె గొంతు తడబడింది. పక్కనామె ఆమెను పేరు పెట్టి పిలిచి, నువ్వు ఆపొద్దు, చెప్పు అంది. పాడు అనలేదు, చెప్పు అంది. ఆ పేరు ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది. ఇక్కడ దాన్ని రాయను. ఈసారి సరిగెత్తు రాత్రికి ఆ ఊరికి వెళ్ళి, ఆమె ఉంటే, ఆమెను అడిగి రాస్తాను.